కొత్త కుటుంబాలకు స్వాగత సభ: ఏ ఆటలు ఆడించాలి, ఏ ప్రదర్శనలు పెట్టాలి

ఉద్యోగం మీదో, చదువు కోసమో, పెళ్లయ్యో మన ఊళ్లకు కొత్తగా వచ్చే తెలుగువారిని పిలిచి ఒక పూట కలిసి గడపడం చాలా ఊళ్ల తెలుగు సంఘాలకు అలవాటే. పిలవడం తేలికే. పిలిచాక ఏం చేయాలన్నది తోచకే చాలా సభలు ఉపన్యాసాలతో మొదలై భోజనాలతో ముగుస్తాయి. వచ్చినవారు తిని వెళ్తారు, మళ్లీ రారు. మేము బళ్లారిలో కొన్నేళ్లుగా ఈ సభ జరుపుతున్నాము. కుదిరినవీ కుదరనివీ మా మినిట్స్ పుస్తకంలో రాసి పెట్టుకున్నాము. ఇతర ఊళ్ల సంఘాలకు పనికి వస్తాయని వాటిని ఇక్కడ వరుసగా ఇస్తున్నాము.

మా ఊరి సంగతి

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్లారి జిల్లా నుంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో కలిశాయి. బళ్లారి మైసూరు రాష్ట్రంలోకి వెళ్లింది. మా పెద్దలు ఇల్లు కదలలేదు. రాష్ట్రమే మారింది. అందువల్ల మేము వలస వచ్చినవాళ్లం కాము, అయినా కొత్తగా వచ్చేవారికి మా తెలుగు కొత్తగా వినిపిస్తుంది. అందులో కన్నడం కలిసి ఉంటుంది, అనంతపురం, కర్నూలు యాస ఉంటుంది. మా పిల్లలు బడిలో కన్నడం, ఇంగ్లీషు చదువుతారు. తెలుగు మాట్లాడతారు గాని చాలామందికి చదవడం రాదు.

కొత్తగా వచ్చేవారు నాలుగు రకాలు. తోరణగల్లు వైపు ఉక్కు కర్మాగారాలకు, బ్యాంకులకు, రైల్వేకు బదిలీ మీద వచ్చేవారు ఒకరు. వైద్య, ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులు రెండోవారు. సరిహద్దు అవతలి నుంచి మా ఇళ్లకు వచ్చిన కొత్త కోడళ్లు మూడోవారు. కట్టడం పనులకు, జీన్స్ కుట్టే పనులకు వచ్చే కూలీలు, మేస్త్రీలు నాలుగోవారు. మొదట్లో మేము మొదటి రెండు రకాలనే పిలిచేవాళ్లం. సంఘానికి చందా ఇవ్వగలిగినవారినే కొత్తవారనుకున్నాము. అది మా పొరపాటు.

ఒక పాఠం

ఆటల జాబితాకు ముందు ఒక విషయం చెప్పాలి. దాని వల్లనే మేము ఆటలన్నీ మార్చుకున్నాము.

కొన్నేళ్ల కిందట మా సభలో 'అచ్చ తెలుగు నిమిషం' అనే పోటీ పెట్టాము. వేరే భాష మాట రాకుండా ఒక నిమిషం మాట్లాడాలి, మాట దొర్లితే గంట కొడతారు. చాలాచోట్ల ఆడించే ఆటే. కొత్తగా వచ్చిన పిల్లలు ఇరవై, ముప్ఫై సెకన్లు నిలబడ్డారు. మా పిల్లలు ఒక్కొక్కరు అయిదారు సెకన్లకే దిగిపోయారు. కన్నడ మాటకు ఒకసారి గంట కొట్టారు. అంతటితో ఆగక మా నాయనమ్మల కాలం నుంచి వాడుకలో ఉన్న అసలైన తెలుగు మాటకు కూడా గంట కొట్టారు, గంట దగ్గర కూర్చున్నాయనకు ఆ మాట తెలియదు గనక. ఆ మాట అన్నది పన్నెండేళ్ల పిల్ల. సభ నవ్వింది. అందరితో పాటు మేమూ నవ్వాము. ఆ పిల్ల వేదిక దిగి వాళ్లమ్మ పక్కన కూర్చుని, ఇకమీదట తెలుగు తరగతికి రానని కన్నడంలో చెప్పింది. ఆ సంవత్సరమంతా ఆదివారం తరగతికి రాలేదు.

అదే సభలో ఒక కొత్త కోడలిని పాట పాడమని మైకు చేతికిచ్చి బలవంతం చేశాము. ఆమెకు కళ్లనీళ్లు వచ్చాయి. ఒక్క పూటలో పాతవారిలో ఒకరిని, కొత్తవారిలో ఒకరిని దూరం చేసుకున్నాము. పోటీ పెట్టిన వారిలో దురుద్దేశం లేదు. ఆటను ఎంచుకోవడంలోనే తప్పుంది. అందుకే ఇప్పుడు ఏ ఆటనైనా మూడు ప్రశ్నలు అడిగి గాని తీసుకోము.

1. తెలుగు చదవడం రానివారు ఈ ఆట ఆడగలరా?
2. ఓడినవారిని చూసి నవ్వే అవకాశం ఇందులో ఉందా? ఉంటే వద్దు.
3. పాతవారు, కొత్తవారు ఒకే జట్టులో ఉండేలా ఆడించవచ్చా?

రోజు, చోటు, పిలుపు

బదిలీలు, కాలేజీ చేరికలు వేసవి తరువాత జరుగుతాయి గనక మేము మొదట ఆషాఢంలో సభ పెట్టేవాళ్లం. పెళ్లిళ్లు ఉండవు, కల్యాణ మండపాలు ఖాళీ, అద్దె తగ్గించమని అడగవచ్చు. రెండేళ్లు అలా జరిపాక తెలిసింది, కొత్త కోడళ్లు ఒక్కరూ రావడం లేదని. ఆషాఢంలో వాళ్లు పుట్టింట్లో ఉంటారు కదా! లెక్కలు చూసుకునే మాకు ఈ చిన్న సంగతి తోచలేదు, ఇంట్లో ఆడవాళ్లు చెప్పారు. ఇప్పుడు శ్రావణంలో ఒక ఆదివారం బడి హాలులో పెడుతున్నాము. పనివారికి కూడా ఆదివారమే సెలవు.

వాట్సాప్ సందేశం పిలుపు కాదు. కొత్త కుటుంబం ఇంటికి ఇద్దరు వెళ్లాలి, అందులో ఒకరు ఆడవారై ఉండాలి. ఇంటి ఇల్లాలికి బొట్టు పెట్టి పిలిచి వస్తే ఆ ఇంటివారు వస్తారు. విద్యార్థులను హాస్టలు దగ్గరికి వెళ్లి, పనివారిని వారి మేస్త్రీ ద్వారా పిలుస్తాము.

చొక్కాకు పెట్టుకునే చీటీ మీద పేరు, పుట్టిన ఊరు మాత్రమే రాయాలి. హోదా రాయకూడదు. మేనేజరు గారు, మేస్త్రీ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలంటే ఇది తప్పదు. చీటీ మీద పేరు తెలుగు, కన్నడ లిపులు రెండింటిలోనూ రాస్తాము. రెండు లిపులూ అక్కాచెల్లెళ్లలా ఉంటాయి గనక కన్నడం చదివే పిల్లలు పక్కపక్కన చూసి తెలుగు అక్షరాలు గుర్తుపడతారు. చీటీ రాసే పని కూడా పిల్లలకే ఇవ్వండి.

పరిచయం చేసే ఆటలు

పేరు, ఊరు, కూర

మనుషులు: ఒక్కో గుంపుకు పది, పన్నెండు మంది. సమయం: 15 నిమిషాలు. సామాను: ఏమీ అక్కరలేదు.

గుండ్రంగా కూర్చుంటారు. మొదటివారు తమ పేరు, ఊరు, ఇష్టమైన కూర చెప్పాలి. రెండోవారు మొదటివారివి చెప్పి తమవి కలపాలి. అలా పెరుగుతూ పోతుంది. మరిచిపోయినవారికి పక్కవారు అందించవచ్చు, అందిస్తే తప్పు లేదు. చివరికి అందరికీ అందరి పేర్లు వచ్చేస్తాయి. ఫలానా అక్కకు గుత్తొంకాయ ఇష్టమని తెలిశాక ఇద్దరు ఆడవాళ్లకు మాట కలపడానికి ఇంకేం కావాలి?

సామెత జత

మనుషులు: 40 వరకు. సమయం: 20 నిమిషాలు. సామాను: సగం సగం సామెతలు రాసిన చీటీలు.

'అడగందే అమ్మైనా' ఒక చీటీ, 'పెట్టదు' ఇంకో చీటీ. 'ఇంట గెలిచి' ఒకటి, 'రచ్చ గెలవాలి' ఇంకొకటి. 'కూర్చుని తింటే' ఒకటి, 'కొండలైనా తరుగుతాయి' ఇంకొకటి. మొదటి సగాలు పాతవారికి, రెండో సగాలు కొత్తవారికి ఇవ్వాలి. ఎవరి జతను వారు వెతుక్కోవాలి. దొరికిన జత ఆ రోజంతా ఒక జట్టు, భోజనాలకు కూడా పక్కపక్కనే కూర్చుంటారు.

చదవడం రాని పిల్లలకు చీటీ ఇవ్వకుండా చెవిలో చెప్పాలి. అందరికీ చెవిలోనే చెబితే ఇంకా మేలు, ఎవరికి చదువు రాదో బయటపడదు. అందరికీ తెలిసిన సామెతలే తీసుకోండి. కులాన్ని, ఆడవారిని, అంగవైకల్యాన్ని చిన్నబుచ్చే సామెతలు మనలో చాలా ఉన్నాయి, వాటిని ముందే ఏరి పారేయండి.

ఒకే వస్తువు, ఎన్ని పేర్లు?

మనుషులు: ఎందరైనా, ఆరేడుగురి చొప్పున బల్లలు. సమయం: 30 నిమిషాలు. సామాను: ఒక బుట్టలో వస్తువులు, నల్లబల్ల, సుద్దముక్క.

అచ్చ తెలుగు పోటీ తీసేసి దాని స్థానంలో పెట్టిన ఆట ఇది. ఇప్పుడు మా సభకు ఇదే ముఖ్యం. బుట్టలోంచి ఒక వస్తువు తీసి చూపిస్తారు. మీ ఇంట్లో దీన్ని ఏమంటారని ప్రతి బల్లనూ అడుగుతారు. కొత్త పేరు వచ్చినప్పుడల్లా ఆ బల్లకు ఒక మార్కు. ఇంకో బల్లవారు 'మా ఇంట్లోనూ అంటాం' అని చెయ్యెత్తితే ఇద్దరికీ చెరో మార్కు. 'తప్పు' అనే మాట ఈ ఆటలో ఎవరూ అనకూడదు. బుట్టలో వేయడానికి కొన్ని:

మరమరాలు: బొరుగులు, ముర్ముర్లు. కన్నడంలో మండక్కి.
ఉల్లిపాయ: ఉల్లిగడ్డ, ఎర్రగడ్డ. కన్నడంలో ఈరుళ్లి.
బంగాళాదుంప: ఆలుగడ్డ, ఉర్లగడ్డ.
వేరుశెనగ: పల్లీలు, బుడ్డలు, శెనక్కాయలు. మా వైపు కన్నడంలో శేంగా.
గోంగూర: పుంటికూర.
సొరకాయ: ఆనపకాయ.
బొబ్బట్లు: బచ్చాలు, ఓళిగలు. కన్నడంలో హోళిగె.
తాళం: బీగం. కన్నడంలో బీగ.
చెప్పులు: మెట్లు.

చివరిదానికి ఒక కథ ఉంది. గోదావరి జిల్లా నుంచి బదిలీ మీద వచ్చిన ఒకాయన మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు లోపలి నుంచి మా అమ్మ 'మెట్లు బయటే ఇడిసి రా నాయనా' అంది. ఆయన గుమ్మం ముందున్న మూడు మెట్లను, మమ్మల్ని మార్చి మార్చి చూశారు. మా వైపు పాతవారికి మెట్లంటే చెప్పులు. ఈ కథను ఆయనే ఇప్పుడు ప్రతి సభలో చెబుతారు, మేము చెప్పే అవసరం లేదు.

ఈ ఆటకు తీర్పరిగా ఊళ్లో పెద్దావిడను కూర్చోబెట్టండి. కొత్తవారికి ఎవరికీ తెలియని మాటలు ఆమెకు తెలుసు. ఆ మాటలు రాసుకోవడానికి ఒక పిల్లవాడినో, పిల్లనో పుస్తకంతో పక్కన కూర్చోబెట్టండి. మా దగ్గర అలాంటి నోటు పుస్తకాలు రెండు నిండాయి.

కూర్చుని ఆడే పాత ఆటలు

ఈ ఆటలకు భాష అడ్డు రాదు. పైగా కన్నడ ఇళ్లలోనూ ఇవే ఆటలు వేరే పేర్లతో ఉన్నాయి గనక కన్నడ ఇళ్ల నుంచి మన ఇళ్లకు వచ్చిన కోడళ్లు కూడా వెంటనే కలుస్తారు.

అష్టాచెమ్మా. కన్నడంలో చౌకాబార. నేల మీద సుద్దతో అయిదు వరసల్లో అయిదేసి, మొత్తం 25 గళ్లు గీయాలి. నాలుగు వైపులా నలుగురు, ఒక్కొక్కరికి నాలుగు కాయలు, అందరికీ కలిపి నాలుగు గవ్వలు. గవ్వలు వేసినప్పుడు ఒకటి వెల్లకిలా పడితే ఒకటి, రెండు పడితే రెండు, మూడు పడితే మూడు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే ఎనిమిది. చెమ్మా, అష్టా పడినవారికి ఇంకో పందెం ఉంటుంది. కాయలన్నీ చుట్టూ తిరిగి నడిమి గడిలో పండాలి. గుర్తు వేసిన గళ్లలో కాయను చంపకూడదు. సభలో ఆడించేటప్పుడు ఒక్కో వైపు ఇద్దరిని కూర్చోబెట్టండి: పాతవారొకరు, కొత్తవారొకరు. ఒకరు గవ్వలు వేస్తే ఒకరు కాయ నడపాలి. ఒక్కో ఇంటి ఆచారం ఒక్కోలా ఉంటుంది గనక 'చంపకపోతే లోపలి వరసలోకి పోవచ్చా' అన్నది ఆటకు ముందే తేల్చుకోండి. మా దగ్గర జరిగిన గొడవల్లో సగం దీని మీదే.

పులిజూదం. పులి మేక ఆట అన్నా ఇదే. కన్నడంలో ఆడు హులి ఆట. మూడు పులులు, 15 మేకలు. మేకలు ఒక్కొక్కటిగా దిగుతాయి. పులి మేక మీదుగా అవతలి ఖాళీలోకి దూకితే ఆ మేక పోయినట్టు. పులులు కదలకుండా కట్టేస్తే మేకలు గెలిచినట్టు. నడుము నొప్పులున్న పెద్దలకు నేల మీద కాకుండా అట్ట మీద గీసి బల్ల మీద పెట్టండి. చుట్టూ నిలబడి సలహాలిచ్చేవారి వల్లే ఈ ఆటకు రుచి.

వామనగుంటలు. కన్నడంలో అళిగుళిమణె. రెండు వరసల్లో ఏడేసి గుంటలున్న చెక్క కావాలి. చింతగింజలు సరిపోతాయి. పాత ఇళ్ల అటకల మీద ఈ చెక్కలు ఇంకా ఉన్నాయి, అడిగి తెచ్చుకోండి. చెక్కతో పాటు ఆ ఇంటి పెద్దావిడను కూడా తీసుకురండి.

పిల్లలకు ఆరుబయట

ఏడు పెంకులాటను మా పిల్లలు లగోరి అంటారు. తొక్కుడు బిళ్లను కుంటెబిల్లె అంటారు. ఆట ఒకటే గనక ఎవరూ ఎవరికీ నేర్పనక్కరలేదు. అరగంటలో పిల్లలు ఒకరి పేరు ఒకరు పెట్టి అరుచుకుంటారు. చిన్నపిల్లలకు వీరి వీరి గుమ్మడిపండు, ఒప్పులకుప్ప, చెమ్మచెక్క. వీటికి పాట కూడా ఉంటుంది గనక తెలుగు దానంతటదే నోటికి వస్తుంది. పిల్లలను చూసుకోవడానికి ఇద్దరు పెద్దలను ప్రత్యేకంగా పెట్టండి, రోడ్డు పక్క హాలైతే తప్పనిసరి.

అంత్యాక్షరి: రెండు సవరణలు

తెలుగు పాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి గనక ఆఖరి అక్షరాన్ని గుణింతంతో కాకుండా హల్లుతోనే లెక్క పెట్టాలి. 'ణ', 'ళ' వస్తే ఆట ఆగిపోతుంది, వాటితో మొదలయ్యే పాటలు దొరకవు. 'ణ' వస్తే 'న', 'ళ' వస్తే 'ల' అని ముందే చెప్పండి.

రెండో సవరణ: సినిమా పాటలే కాకుండా పద్యం, జోలపాట, పెళ్లి పాట, పొలం పాట ఏదైనా చెల్లుతుందని ప్రకటించండి. సినిమా పాటలైతే కుర్రవారే పాడతారు. పెళ్లి పాటలు చెల్లుతాయంటే పెద్దావిడలు లేస్తారు. నాట్లు వేసే పాటలు చెల్లుతాయంటే, పని కోసం వచ్చిన కుటుంబాల ఆడవాళ్లు అందుకుంటారు. మా సభలో వారి గొంతు మొదటిసారి వినబడింది ఈ సవరణ తరువాతనే.

వేదిక మీద ప్రదర్శనలు

బళ్లారికి తెలుగు నాటక చరిత్రలో పెద్ద చోటుంది. ఆంధ్ర నాటక పితామహుడు ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఇక్కడ సరస వినోదిని సభను నడిపారు. కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభను నడిపారు. ధర్మవరం వారి మేనల్లుడు బళ్లారి రాఘవ (1880-1946) తెలుగులోనూ కన్నడంలోనూ నటించారు, ఆడ వేషాలు ఆడవారే వేయాలని పట్టుబట్టారు. కొత్తగా వచ్చినవారికి ఈ సంగతి రెండు నిమిషాల్లో చెప్పండి. వచ్చింది తెలుగు లేని ఊరికి కాదని వారికి తెలుస్తుంది. మీ ఊరికీ ఇలాంటి సంగతి ఒకటి ఉండే ఉంటుంది, వెతికి పెట్టుకోండి.

పద్యం, ఏకపాత్రాభినయం. పౌరాణిక పాత్ర వేసే పెద్దలు మన సంఘాల్లో ఎప్పుడూ ఉంటారు. రాగం అందుకుంటే దిగరు. ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు, 'వన్స్ మోర్' ఒక్కసారే అని ముందుగా చెప్పి, గడియారం పట్టుకుని ఎదురుగా కూర్చోండి. కార్యదర్శికి ఇందులో మొహమాటం పనికిరాదు.

చిన్న బుర్రకథ. ముగ్గురు చాలు: నడుమ కథ చెప్పేవారు, పక్కన హాస్యం ఒకరు, రాజకీయం ఒకరు. కథ మీ ఊరిదే కావాలి: నీళ్లు ఎన్నాళ్లకొకసారి వస్తాయి, మంచి బజ్జీ ఎక్కడ దొరుకుతుంది, ఏ ఆసుపత్రిలో ఏ డాక్టరు, గ్యాసు కనెక్షను మార్పించుకోవడం ఎలా. హాస్యం పాత్ర కొత్తగా వచ్చినవారికి ఇవ్వండి. ఊరి మీద వారు విసుర్లు విసరాలి, మిగతా ఇద్దరు జవాబు చెప్పాలి. పది నిమిషాలు. నవ్వు మన మీద ఉండాలి, వారి మీద కాదు.

పిల్లల అవధానం. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు అవధానిని ప్రశ్నలతో పరీక్షిస్తారు. ఒకరు అసందర్భపు మాటలతో అప్రస్తుత ప్రసంగం చేస్తారు, ఇంకొకరు గంట కొట్టిన లెక్కో, వీపున పడిన పూల లెక్కో అడుగుతారు. దీన్ని ఆటగా మార్చాము. ఒకరు రెండు నిమిషాలు తమ సొంత ఊరి గురించి చెప్పాలి. ఒకరు మధ్యలో అడ్డు ప్రశ్నలు వేయాలి. ఒకరు అప్పుడప్పుడు గంట కొట్టాలి. చివర్లో ఎన్ని గంటలు కొట్టారో చెప్పాలి. మాట్లాడేవారు ఏ భాష మాటలు కలిపినా ఇబ్బంది లేదు, ఇక్కడ గంట కొట్టేది లెక్కకే గాని తప్పుకు కాదు.

కోలాటం. చివరిలో పెట్టాలి. రెండు కర్రలు, రెండు అడుగులు తెలిస్తే చాలు. కొందరు లోపలి వలయంలో, కొందరు బయటి వలయంలో తిరుగుతారు గనక ప్రతివారికీ అందరితోనూ కర్ర కలుస్తుంది. కన్నడ ఇరుగుపొరుగును కూడా దీనికి పిలవండి, వారికీ కోలాటం సొంతమే.

ఖర్చు పెట్టగలిగితే తోలుబొమ్మలాట పెట్టవచ్చు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఈ కళాకారుల కుటుంబాలున్నాయి. ఇలాంటి కళాకారులను పిలిస్తే రానూపోనూ ఖర్చు, భోజనం, బస, పారితోషికం ముందే మాట్లాడి సగం ముందుగా ఇవ్వాలి. శాలువా కప్పి పంపడం పారితోషికం కాదు.

చేయకూడనివి

మైకు చేతికిచ్చి పాడమని, ఆడమని ఎవరినీ బలవంతం చేయకూడదు. పేర్లు ముందురోజే అడిగి రాసుకోండి. విద్యార్థులతో 'సీనియర్లు చెప్పినట్టు చేయాలి' తరహా ఆటలు అసలు వద్దు, అది ర్యాగింగు కిందికి వస్తుంది. కొత్త జంటలను సిగ్గుపడేలా ప్రశ్నలు అడగకూడదు. ఇంటిపేరు అడిగి కులం కూపీ లాగే పెద్దలుంటే వారికి ముందే చెప్పండి. ఎవరి యాసనూ అనుకరించి నవ్వించకూడదు, తెలంగాణ యాసైనా, శ్రీకాకుళం యాసైనా, మన యాసైనా. బహుమతులు వ్యక్తులకు వద్దు, జట్లకే ఇవ్వండి. మేము స్టీలు డబ్బాలు ఇస్తాము, రెండు ఇళ్లలోనూ వాడుకలో ఉంటాయి.

ఒక పూట కార్యక్రమం

9.30: పేరు చీటీలు, కాఫీ
10.00: స్వాగతం, ఊరి పరిచయం. రెండూ కలిపి పది నిమిషాలు. అధ్యక్షుల వారికీ ఇదే కొలత
10.10: పేరు, ఊరు, కూర
10.30: సామెత జత
10.50: పిల్లలు బయటికి, పెద్దలు గవ్వలు, పులిజూదం
11.30: ఒకే వస్తువు, ఎన్ని పేర్లు
12.00: ప్రదర్శనలు
12.45: అంత్యాక్షరి
1.10: కోలాటం
1.30: భోజనాలు

ఉదయం ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెడితే కొత్తవారు ఊరిని అక్కడే గుర్తుపెట్టుకుంటారు. భోజనంలో ఒక్క వంటకమైనా కొత్తవారి వైపుది ఉండాలి. గోంగూర పచ్చడో, సర్వపిండో వారినే అడిగి చేయించండి. వంట చేసినవారి పేరు వేదిక మీద చెప్పండి.

ఇతర ఊళ్లవారు మార్చుకోవలసినవి

షోలాపూర్‌లో తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు ఎక్కువ గనక వారి బుట్టలో మగ్గం సామాను వేయవచ్చు. మగ్గం భాగాల పేర్లు కొత్తవారికి ఒక్కటీ తెలియవు, ఆ ఆటలో పాతవారే గురువులు. బరంపురంలో ఒడియా పేర్లు, హోసూరులో తమిళం, కన్నడం రెండింటి పేర్లు కలపండి. యానాంలో మాట గోదావరిదే, అక్కడ మాటల కంటే నది వంటకాలు, చేపల పేర్లు బాగుంటాయి. తెలంగాణవారు ఎక్కువగా ఉన్నచోట ఈ సభను బతుకమ్మ రోజుల్లో పెట్టుకుంటే పూలే సగం పని చేస్తాయి.

సభ తరువాత

సభ జరిగిన వారంలోగా, జత పడిన పాత కుటుంబం కొత్తవారి ఇంటికి ఒకసారి వెళ్లి రావాలి. ఈ మాట సభలోనే చెప్పి పంపండి. పిల్లలను బడిలో చేర్పించడానికి, ఆధార్ చిరునామా మార్చడానికి, రాత్రివేళ ఆసుపత్రికి తీసుకెళ్లడానికి ఎవరిని పిలవాలో కొత్తవారికి ఒక పేరు, ఒక ఫోను నంబరు ఉండాలి. ఆటలన్నీ ఇందుకే. మరుసటి ఏడు వారే పిలిచేవారి జాబితాలోకి రావాలి.

మొదట చెప్పిన పిల్ల సంగతి. 'ఎన్ని పేర్లు' ఆట పెట్టిన మొదటి ఏడు తీర్పరిగా ఆ పిల్ల నాయనమ్మనే కూర్చోబెట్టాము. ముసలావిడను నడిపించి తీసుకురావాలి గనక పిల్ల కూడా వచ్చింది. నాయనమ్మ చెప్పే మాటలు రాసుకోవడానికి పుస్తకం ఆమె చేతికే ఇచ్చాము. తెలుగు రాయడం రాదంటే కన్నడ లిపిలోనే రాయమన్నాము. ఆ రోజు నాలుగు పేజీలు రాసింది. అందులో మూడేళ్ల కిందట గంట కొట్టించుకున్న మాట కూడా ఉంది, ఈసారి దానికి మూడు బల్లలవారు చెయ్యెత్తారు. ఇప్పుడు ఆదివారం తరగతికి వస్తోంది. చదవడం ఇంకా నెమ్మదే. రెండో నోటు పుస్తకం మాత్రం తెలుగు లిపిలో ఉంది.